బీఎస్సీ నర్సింగ్ పూర్తయింది, మొదటి ఉద్యోగం ఎక్కడ చేరాలి? రిజిస్ట్రేషన్, బాండ్, ఇంటర్వ్యూ సందేహాలు

ప్రశ్న (బీఎస్సీ నర్సింగ్ ఫ్రెషర్, నల్గొండ జిల్లా)

అందరికీ నమస్కారం. ఫైనలియర్ రిజల్ట్స్ వచ్చాయి, ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌కి అప్లై చేశాను, రిజిస్ట్రేషన్ నంబర్ ఇంకా రాలేదు. రెండు చోట్ల రమ్మంటున్నారు. ఒకటి హైదరాబాద్‌లో 300 పడకల ఆస్పత్రి: నెలకు 16,000, రెండేళ్ల బాండ్ (అంతకాలం మానకూడదనే ఒప్పందం), ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టాలట. రెండోది మా ఊరి దగ్గర 30 పడకల నర్సింగ్ హోమ్: 18,000, బాండ్ లేదు, ‘నంబర్ తర్వాత చూద్దాం, రేపే డ్యూటీకి వచ్చెయ్’ అంటున్నారు. ఇంట్లోవాళ్లు దగ్గరలోదే చూసుకోమంటున్నారు. ఏం చేయాలి? ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?

జవాబు (వార్డు ఇన్‌ఛార్జి, హైదరాబాద్)

చెల్లీ, జీతం లెక్క పక్కన పెట్టి ముందు నంబర్ సంగతి చూడు. కౌన్సిల్‌లో పేరు ఎక్కకుండా స్టాఫ్ నర్సుగా ఇంజెక్షన్ చేసి డ్రగ్ చార్టులో సంతకం పెట్టావంటే, రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు ఆ సంతకానికి నీ వెనక ఎవరూ నిలబడరు. ‘నంబర్ తర్వాత చూద్దాం’ అన్నవాళ్లు కూడా ఆ రోజు ‘మాకు చెప్పలేదు’ అంటారు. నంబర్ వచ్చేదాకా చేరాల్సి వస్తే ట్రైనీగానే చేరు. ఆఫర్ లెటర్‌లో ట్రైనీ అనే ఉండాలి, రిజిస్టర్డ్ సిస్టర్ పక్కన ఉంటేనే మందు ఇవ్వాలి, చార్టులో ఆమె కూడా సంతకం చేయాలి.

నంబర్ ఆలస్యమయ్యేది చాలాసార్లు పేరు దగ్గరే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, డిగ్రీ మెమోల్లో పొడి అక్షరం, ఆధార్‌లో ఇంకో స్పెల్లింగ్ ఉంటే ఫైలు ఆగిపోతుంది. పదో తరగతి మెమోనే ఆధారంగా పెట్టుకుని మిగతావి దానికి సరిపోయాయా అని ఒక్కో అక్షరం చూసుకో. తేడా ఉంటే కౌన్సిల్‌కి వెళ్లేలోపు కాలేజీ ద్వారా యూనివర్సిటీలో దిద్దించుకో. రిజిస్ట్రేషన్ వచ్చాక ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఇచ్చే ఎన్‌యూఐడీ (నర్సు గుర్తింపు) నంబర్ కూడా తీసుకో. రేపు బెంగళూరో చెన్నైయో వెళ్తే ఇక్కడి కౌన్సిల్ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని అక్కడ నమోదు చేయించుకోవాలి.

ఇక రెండు చోట్లలో ఏది అంటే, ఒరిజినల్స్ పేచీ తెగితే నేను 300 పడకలదే అంటాను. 30 పడకల చోట రాత్రిపూట క్యాజువాలిటీ, లేబర్ రూమ్, వార్డు మూడూ ఒక్క సిస్టరే చూడాల్సిన రోజులుంటాయి. ఐదేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు అది ఫరవాలేదు. ఫ్రెషర్‌కి మాత్రం అడగడానికి మనిషి ఉండాలి. చేరేముందు హెచ్‌ఆర్‌ని కాదు, నర్సింగ్ సూపరింటెండెంట్ మేడంని నాలుగు మాటలు అడుగు: ఇండక్షన్ (చేరిన కొత్తలో ఇచ్చే శిక్షణ) ఎన్ని రోజులు? నాకు నేర్పే సీనియర్ ఎవరు? ఒంటరిగా నైట్ ఎప్పటినుంచి వేస్తారు? నైట్‌లో ఒక నర్సుకి ఎంతమంది పేషెంట్లు? ఐసీయూలో వెంటిలేటర్ పేషెంట్‌కి ఒక నర్సు, వెంటిలేటర్ లేని ఇద్దరికి ఒక నర్సు అన్నది పద్ధతి. నలుగురు వెంటిలేటర్ పేషెంట్లను ఒక ఫ్రెషర్‌కి అప్పగించే చోటు అయితే ఎంత పేరున్న ఆస్పత్రి అయినా వద్దు.

జవాబు (ఆస్పత్రి హెచ్‌ఆర్ విభాగం, విజయవాడ)

ఒరిజినల్స్ గురించి గట్టిగా చెప్తున్నాను. సర్టిఫికెట్లు చూసి, జిరాక్సులతో సరిపోల్చుకుని, అదే రోజు తిరిగి ఇచ్చేయడమే సరైన పద్ధతి. వాటిని తాకట్టులా పెట్టుకునే హక్కు ఏ యజమానికీ లేదు. ‘నాకు ప్రభుత్వ నోటిఫికేషన్ సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కి ఒరిజినల్స్ కావాలి, మీ ముందే సరిచూసుకుని ఇచ్చేయండి’ అని మర్యాదగా అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఇచ్చి తీరాల్సిందే అంటే చేరకండి. ఇప్పటికే ఇచ్చేసినవాళ్లు ఏ సర్టిఫికెట్, దాని నంబర్, ఏ తేదీన ఇచ్చారు, ఎప్పటికి తిరిగిస్తారు అన్నీ రాసి, ఆస్పత్రి ముద్రతో రసీదు తీసుకోండి. ‘సర్టిఫికెట్లు అందినవి’ అని ఒక్క ముక్క రాసిన రసీదు పనికిరాదు.

బాండ్ కాగితంలో ‘మధ్యలో మానేస్తే లక్ష కట్టాలి’ అని ఉందని హడలిపోకండి. భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కాగితంలో రాసిన మొత్తం గరిష్ఠ హద్దు మాత్రమే, కోర్టు ఇప్పించేది న్యాయమైన పరిహారం. అయినా సంతకం చేసే ముందు నోటీసు పీరియడ్ ఎంత, శిక్షణకు వాళ్లు పెట్టిన ఖర్చు ఎంత, నెలలు గడిచేకొద్దీ ఆ మొత్తం తగ్గుతుందా చూడండి. ఖాళీ చెక్కు, ఏమీ రాయని స్టాంపు పేపరు మీద సంతకం ఎట్టిపరిస్థితిలో వద్దు.

16,000 అంటే చేతికి ఎంతొస్తుందో ఇప్పుడే లెక్క వేసుకోండి. బేసిక్ 10,000 అనుకుంటే పీఎఫ్ 12 శాతం, 1,200. స్థూల జీతం 21,000 లోపు కాబట్టి ఈఎస్ఐ 0.75 శాతం, 120. వృత్తి పన్ను 150. మిగిలేది 14,530. ఇందులోంచి హాస్టల్, మెస్ కోస్తారా లేదా అడగండి. నర్సింగ్ హోమ్ ఇస్తానన్న 18,000లో పీఎఫ్, ఈఎస్ఐ లేకపోతే చేతికొచ్చేది ఎక్కువే కనిపిస్తుంది, కానీ డ్యూటీలో జబ్బు పడితే చూసుకునే దిక్కుండదు. పీఎఫ్ ఖాతా ఉంటే రేపు ‘ఫలానా తేదీ నుంచి ఇక్కడ పనిచేశాను’ అనడానికి అది కూడా రుజువే.

జీతాల మీద ఇంకొక్క మాట. సుప్రీంకోర్టు 2016లో చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆస్పత్రుల్లో కూడా నర్సుకి 20,000కు తగ్గకూడదని, 200 పడకలు దాటితే రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని సిఫార్సు చేసింది. అమలు అంతంతమాత్రం. అయినా జీతం మాట్లాడేటప్పుడు ఇది నోట్లో ఉండాలి.

జవాబు (నర్సింగ్ ట్యూటర్, వరంగల్)

ఇంటర్వ్యూలో జబ్బుల నిర్వచనాలు తక్కువ, ‘ఈ పిల్ల చేతికి పేషెంట్‌ని అప్పగించొచ్చా’ అనే పరీక్ష ఎక్కువ. లెక్క తప్పకుండా ఇస్తారు. 500 మి.లీ. నార్మల్ సెలైన్ 4 గంటల్లో ఎక్కాలి, డ్రిప్ సెట్ (సెలైన్ గొట్టం) మి.లీ.కి 20 చుక్కలది. 500 ఇంటూ 20 అంటే 10,000 చుక్కలు, 240 నిమిషాలతో భాగిస్తే 41.6, అంటే నిమిషానికి 42. వార్డులో 15 సెకన్లకు పది, పదకొండు చుక్కలు పడేలా గొట్టం మీది రోలర్ సరిచేస్తారు. 60 చుక్కల మైక్రో సెట్ అయితే లెక్కే అక్కర్లేదు, గంటకు ఎన్ని మి.లీ.లో నిమిషానికి అన్ని చుక్కలు.

ఫ్రెషర్లు ఎక్కువగా బోల్తాపడేది ఇన్సులిన్ దగ్గర. మన దగ్గర వయల్స్ (మందు సీసాలు) మి.లీ.కి 40 యూనిట్లవీ ఉంటాయి, 100 యూనిట్లవీ ఉంటాయి. సిరంజిలు కూడా అంతే: 40ది ఎర్ర మూత, 100ది నారింజ మూత. 100 యూనిట్ల వయల్ నుంచి 40 సిరంజితో ‘10’ గీత దాకా లాగితే వచ్చేది 0.25 మి.లీ. అందులో ఉన్నది 10 యూనిట్లు కాదు, 25. పేషెంట్ షుగర్ పడిపోయి స్పృహ తప్పుతాడు. అందుకే ‘ఇన్సులిన్ ఎలా ఇస్తావు’ అని అడిగితే చర్మం, కోణం దగ్గర మొదలుపెట్టొద్దు. ‘వయల్ మీద యూనిట్లు, సిరంజి మీద యూనిట్లు ఒకటేనా చూస్తాను, ఇంకో సిస్టర్‌తో డబుల్ చెక్ చేయిస్తాను, జీఆర్‌బీఎస్ (వేలి రక్తంతో షుగర్) చూసి, భోజనం వచ్చిందా అని అడిగి ఇస్తాను’ అని చెప్పు. ఎదుటి మేడం ముఖంలో తేడా కనిపిస్తుంది. పొటాషియం క్లోరైడ్ గురించి కూడా అడుగుతారు. నేరుగా పుష్ ఎప్పుడూ చేయకూడదు, పలచన చేసి ఇన్‌ఫ్యూజన్‌గానే (నెమ్మదిగా డ్రిప్‌లో).

సీపీఆర్ చేసి చూపించమంటారు: 30 కంప్రెషన్లకు (ఛాతీ నొక్కులకు) 2 శ్వాసలు, నిమిషానికి 100 నుంచి 120, పెద్దవాళ్లకు 5 నుంచి 6 సెం.మీ. లోతు. బీఎల్ఎస్ (ప్రాణరక్షణ ప్రాథమిక శిక్షణ) సర్టిఫికెట్ చేతిలో ఉంటే మంచిది. క్యానులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే గొట్టం) సైజుల రంగులు నోటికి రావాలి: 18 ఆకుపచ్చ, 20 గులాబీ, 22 నీలం, 24 పసుపు. చెత్తబుట్టల రంగుల్లో ఒక మెలిక ఉంటుంది: వాడిన మామూలు సిరంజి ఎర్ర సంచిలోకి, సూది తెల్ల డబ్బాలోకి. మరి సూది అతికి ఉండే ఇన్సులిన్ సిరంజి? అది మొత్తంగా తెల్ల డబ్బాలోకే. పగిలిన గాజు ఆంప్యూల్ నీలం, రక్తం అంటిన దూది పసుపు.

తెలియనిది అడిగితే ఊహించి చెప్పొద్దమ్మా. ‘తెలియదు మేడం, డ్యూటీలో అయితే ఇన్‌ఛార్జిని అడిగి చేస్తాను’ అనేది మా దృష్టిలో సరైన జవాబే.

ప్రశ్న (అడిగిన ఫ్రెషరే)

అందరికీ చాలా థాంక్స్. ఒరిజినల్స్ విషయం రేపు ఫోన్ చేసి అడుగుతాను. ఇంకో సందేహం: ప్రభుత్వ పరీక్షకు ప్రైవేటు అనుభవం లెక్కలోకి వస్తుందా?

ప్రశ్న (జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా పూర్తిచేసిన తమ్ముడు, కర్నూలు)

అక్కలూ, ఎయిమ్స్‌కి మాలాంటివాళ్లకి అవకాశం ఉందా?

జవాబు (నర్సింగ్ ఆఫీసర్, ప్రభుత్వ ఆస్పత్రి)

తెలంగాణలో నర్సింగ్ ఆఫీసర్ పోస్టులు మెడికల్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు భర్తీ చేస్తుంది. 2024 సెప్టెంబర్‌లో 2,050 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. రాతపరీక్షకు 80 పాయింట్లు, ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు 20. ప్రైవేటు సర్వీసుకు ఏమీ రాదు. అందుకని ప్రైవేటులో చేస్తూనే మీ జిల్లా డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) ఆఫీసు ఇచ్చే ఎన్‌హెచ్‌ఎం (జాతీయ ఆరోగ్య మిషన్) కాంట్రాక్టు ప్రకటనలు వదలకుండా చూడండి. ఆ పాయింట్ల కోసమైనా చేరొచ్చు.

తమ్ముడూ, ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష నార్సెట్‌కి బీఎస్సీ వాళ్లు రిజిస్ట్రేషన్ ఉంటే నేరుగా రాయొచ్చు. జీఎన్ఎం అయితే కనీసం 50 పడకల ఆస్పత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. పోస్టుల్లో 80 శాతం మహిళలకు, 20 శాతం పురుషులకు, కాబట్టి నీకు పోటీ గట్టిగానే ఉంటుంది. ప్రిలిమ్స్, మెయిన్స్ రెండు అంచెలు, తప్పు జవాబుకి మూడో వంతు మార్కు కోత. వస్తే మూల వేతనం 44,900తో మొదలు. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్ రెండూ దగ్గరే.

జీఎన్ఎం వాళ్లు చేరేముందే పడకల సంఖ్య కనుక్కోండి. అనుభవ పత్రంలో హోదా, చేరిన తేదీ, మానేసిన తేదీ, పడకల సంఖ్య నాలుగూ ఉండాలి. ‘రెండేళ్లు పనిచేశారు’ అని మాత్రమే ఉన్న లెటరుతో వెరిఫికేషన్‌లో ఇబ్బంది పడతారు.

జవాబు (ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు, విశాఖపట్నం)

జీతం, పరీక్షల మధ్య ఒకటి మర్చిపోయారు. చేరకముందే హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టండి: 0, 1, 6 నెలలకు మూడు డోసులు. మూడోది అయిన నెల రెండు నెలలకు యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ (టీకా పనిచేసిందో లేదో చెప్పే రక్తపరీక్ష) చేయించుకోండి, 10 లేదా అంతకు మించి ఉంటే రక్షణ వచ్చినట్టు. కాలేజీలో వేశారన్నవాళ్లు మూడో డోసు పడిందో లేదో కార్డు తీసి చూసుకోండి, చాలామందికి అదే మిస్సవుతుంది.

డ్యూటీలో సూది గుచ్చుకుంటే వేలు నొక్కి రక్తం పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు. సబ్బుతో, పారే నీళ్లతో కడిగి వెంటనే ఇన్‌ఛార్జికి చెప్పి ఇన్సిడెంట్ రిపోర్టు రాయించండి. తిడతారని దాచొద్దు. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులు అవసరమైతే రెండు గంటల్లోపు మొదలుపెట్టడం మేలు, 72 గంటలు దాటితే ఇక ఇవ్వరు. నైట్ డ్యూటీలో ఆ మందులు ఎక్కడ ఉంటాయో, తాళం ఎవరి దగ్గరుంటుందో ఇండక్షన్ మొదటి రోజే అడిగి తెలుసుకోండి.