సంక్షోభం నేర్పిన పాఠం గోదాంలో దాగుతుందా?

పాతకాపు:
మహమ్మారి వచ్చి వెళ్లాక ఒక కమిషన్, లావుపాటి నివేదిక, గోదాం నిండా మాస్కులు. దీన్నే నేర్చుకోవడం అంటున్నాం. 2003లో సార్స్ అనే ఊపిరితిత్తుల వైరస్ జబ్బు దెబ్బ తిన్న కెనడాలోని ఒంటారియో రాష్ట్రం, ఆ తర్వాత దాదాపు 5.5 కోట్ల ఎన్95 మాస్కులు కొని దాచింది. కోవిడ్ నాటికి వాటి గడువు ఎప్పుడో తీరిపోయింది. నైజీరియాను చూడండి. 2014 జులైలో లాగోస్‌లో ఎబోలా దిగితే, పోలియో కోసం అప్పటికే ఇల్లిల్లూ తిరుగుతున్న యంత్రాంగాన్నే అటు మళ్లించారు. సుమారు 900 మంది కాంటాక్టులను పట్టుకుని, రోజూ జ్వరం చూశారు. 20 కేసులు, 8 మరణాలతో ఆగిపోయింది. రోజూ వాడనిది ఆపదలో అక్కరకు రాదండీ.

చట్టంపిచ్చి:
అంత తేలిగ్గా తీసేయకండి. 2015లో దక్షిణ కొరియాలో సార్స్ లాంటిదే మెర్స్ అనే జబ్బు 186 మందికి సోకింది, 38 మంది పోయారు. చాలామందికి అంటుకున్నది ఆసుపత్రుల్లోనే. ఏ ఆసుపత్రిలో ఉందో ప్రభుత్వం మొదట్లో పేర్లే చెప్పలేదు! తర్వాత చట్టం మార్చారు, టెస్ట్ కిట్లకు అత్యవసర అనుమతి ఇచ్చే దారి వేశారు. 2020 ఫిబ్రవరి మొదట్లోనే కోవిడ్ కిట్‌కు అనుమతి వచ్చింది. ఇది రోజూ వాడింది కాదుగా? కాగితం మీదే కూర్చుని సమయానికి పనికొచ్చింది.

రాత్రిడ్యూటీ:
నేను నర్సుని. కోవిడ్ మొదలైన వారంలో మా స్టోర్‌లో సీలు విప్పని మాస్కుల పెట్టె తెరిచాం. చెవికి తగిలించుకోబోతే ఎలాస్టిక్ పటుక్కున తెగి చేతిలోకొచ్చింది. రెండోదీ అంతే. రిజిస్టర్‌లో మాత్రం లెక్క సరిగ్గానే ఉంది. చట్టాలు మంచివే గానీ, ఆ పెట్టెను ఏడాదికోసారి విప్పి చూసే మనిషి ఎవరో ఏ చట్టంలోనూ లేదు.

పాతకాపు:
కొరియా విషయంలో మీ మాటే నెగ్గింది, ఒప్పుకుంటున్నా. మాస్కులు కొనడం కూడా తప్పు కాదు, కదపకుండా ఉంచడం తప్పు. కొత్త సరుకు గోదాంలోకి, పాతది వార్డులోకి వెళ్తూ ఉంటే ఏదీ పాడవదు.

రాత్రిడ్యూటీ:
గడువు ఏడాది ఉండగా పంపితే సరే. రేపు తీరిపోతుందనగా ఇవాళ మా నెత్తిన పడేస్తే మాత్రం సంతకం పెట్టం.