ఇంగ్లీష్ కోర్సుకి ఇటలీ వెళ్తున్నా, ఇటాలియన్ నేర్చుకోవాలా?

గుంటూరు_కుర్రాడు:
నాకు పాదోవాలో డేటా సైన్స్ మాస్టర్స్‌కి సీటు వచ్చింది. కోర్సంతా ఇంగ్లీషే. సెప్టెంబరు చివర్లో ప్రయాణం, ఇంకా రెండు నెలలుంది. ఒక సీనియర్ అన్న భాష రాకుండా రావద్దంటున్నాడు, ఇంకో అన్నేమో మనవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు, వాళ్ళే చూసుకుంటారు అంటున్నాడు. ఇటాలియన్ క్లాసులకి ఫీజు కట్టాలా వద్దా అని నాన్న రోజూ అడుగుతున్నారు. అక్కడ మొదటి నెల గడిపినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఓరుగల్లు_తొరినో:
కట్టొద్దు తమ్ముడూ. తొరినోలో నాది రెండో ఏడాది. క్లాసు ఇంగ్లీషు, పరీక్ష ఇంగ్లీషు. ఇక్కడ మార్కులు 30కి వేస్తారు, 18 వస్తేనే పాస్. చాలా సబ్జెక్టుల్లో ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని నోటితో చెప్పాలి, బట్టీ పట్టినవాడు రెండో ప్రశ్నకే దొరికిపోతాడు. ఆ రెండు నెలలూ లెక్కల మీద కూర్చో. ఇంకా ముఖ్యం స్కాలర్‌షిప్ కాగితాలు. ఇంటి ఆదాయం, ఆస్తి చూసి ఇస్తారు కాబట్టి తహశీల్దార్ ఇచ్చే సర్టిఫికెట్లు, వాటికి అపోస్టిల్ (మన కాగితం విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ముద్ర), ఇటాలియన్ అనువాదం అన్నీ అక్కడే చేయించుకుని రావాలి. గడువు దాటితే ఎంత బాగా ఇటాలియన్ మాట్లాడినా ఎవరూ ఇవ్వరు.

బొలోన్యా_అక్క:
కాగితాల విషయం నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ భాష వద్దనడం నేను ఒప్పుకోను, ఎందుకంటే మొదటి నెలలో యూనివర్సిటీలో గడిపేది తక్కువ, బయట గడిపేదే ఎక్కువ.

దిగిన 8 పనిరోజుల్లో పెర్మెస్సో, అంటే నివాస అనుమతికి అప్లై చెయ్యాలి. అది పోస్టాఫీసులో. నేను కిట్ కవరు, అంటే అప్లికేషన్ ఫారాలుండే కవరు, నింపుకుని, నంబరు చీటీ తీసుకుని గంటకు పైగా కూర్చున్నా. తీరా నా వంతు వచ్చాక కౌంటర్లో ఆవిడ కాగితాలు తిరగేసి "మాంక ల మార్క ద బొల్లో" అంది. మూడుసార్లు అంది, నెమ్మదిగానే అంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, పాస్‌పోర్ట్ చూపిస్తా, ఫీజు కట్టేశానంటా, వెనక లైను పెరుగుతోంది. చివరికి ఒక పెద్దాయన నన్ను బయటికి తీసుకెళ్ళి, 'టి' అక్షరం బోర్డున్న పొగాకు కొట్టు చూపించాడు. 16 యూరోల స్టాంపు లేదు, అంతే విషయం. "మాంక" అంటే "తక్కువైంది" అని ఆ ఒక్క మాట తెలిసుంటే సరిపోయేది.

తర్వాత ఇల్లు. బొలోన్యాలో వీధుల పొడవునా పోర్టికోలుంటాయి, మన పాత ఇళ్ళ వసారాల్లాగే, ఊరంతా కలిపితే 62 కిలోమీటర్లు. వాటి కింద నిలబడి రెండు వారాలు ఇళ్ళవాళ్ళకి ఫోన్లు చేశా. ఇంగ్లీషులో హలో అనగానే సగం మంది పెట్టేశారు. "ఇండియన్ స్టూడెంటుని, గది కావాలి" అని మూడు వాక్యాలు ఇటాలియన్‌లో రాసుకుని చదివాక ఒక ముసలావిడ గది చూపించింది. ఇప్పటికీ అదే ఇంట్లో ఉన్నా.

ఇంకోటి, తెలుగువాళ్ళకి ఈ భాష అంత కష్టం కాదు. మాటలు మనలాగే అచ్చుతో ముగుస్తాయి. ఒత్తు పడితే అర్థం మారిపోతుంది, నోన్నో అంటే తాత, నోనో అంటే తొమ్మిదోది. గుడికీ గుడ్డికీ తేడా తెలిసిన మనకి ఇది ఎవరైనా చెప్పాలా? ఇంగ్లీషు అలవాటులో "టుట్టో" అనకుండా మన త పెట్టి "తుత్తో" (అంతా అని అర్థం) అంటే చాలు, అవతలివాళ్ళ మొహం విచ్చుకుంటుంది.

ఓరుగల్లు_తొరినో:
అక్కా, మీరు ఒంటరిగా దిగారు. నన్ను మనవాళ్ళు ఎయిర్‌పోర్టుకే వచ్చి తీసుకెళ్ళారు, పెర్మెస్సో కిట్ కూడా వాళ్ళే నింపారు. అలా చేసేవాళ్ళుంటే రెండు నెలలు భాష మీద ఎందుకు పెట్టాలి?

బొలోన్యా_అక్క:
మరి ఇప్పుడు పార్ట్‌టైమ్ దొరికిందా తమ్ముడూ? వారానికి 20 గంటలు చేసుకోవచ్చు కదా.

ఓరుగల్లు_తొరినో:
లేదక్కా. రెండు రెస్టారెంట్లలో అడిగా, ఆర్డర్ తీసుకునేంత ఇటాలియన్ కావాలన్నారు. అది ఒప్పుకుంటా. అయినా బయల్దేరే ముందు నేర్చుకోనక్కర్లేదు, ఇక్కడికొచ్చాక నేర్చుకోవచ్చనే అంటాను.

బెజవాడ_అమ్మ:
మా అమ్మాయి మిలానోలో చదువుతోంది. భాష సంగతి నాకు తెలియదు బాబూ, కానీ మొదటి వారాల్లో తను ఏడ్చిన రోజులన్నీ ఎవరో ఏదో అడిగితే అర్థం కాక బయటికొచ్చేసిన రోజులే. ఇక్కడ అర్ధరాత్రి దాటాక ఫోన్ చేసేది. ఫీజు పోతే పోయిందనుకుని కట్టెయ్యండి.

గుంటూరు_కుర్రాడు:
తహశీల్దార్ ఆఫీసుకి రేపే వెళ్తున్నా. క్లాసులకి ఫీజు కట్టమని నాన్నకి చెప్పా, పొద్దున గంట ఇటాలియన్, మిగతా టైమ్ లెక్కలు. అక్కా, ఇల్లు అడిగేటప్పుడు మీరు చదివిన ఆ మూడు వాక్యాలు తెలుగు అక్షరాల్లో ఇక్కడ పెడతారా?