రోజూ బేస్‌బాల్ గ్రిడ్ ఆడేవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఎవరికీ తెలియని ఆటగాళ్ళ పేర్లు ఎలా గుర్తుపెట్టుకుంటారు?

బ్రాడీపేట మాస్టారమ్మ, గుంటూరు

అడగడానికి కాస్త మొహమాటంగానే ఉంది. మన ఊళ్ళో బేస్‌బాల్ అంటే సినిమాల్లో రౌడీల చేతుల్లో కనిపించే బ్యాట్ తప్ప ఇంకేమీ తెలియదు ఎవరికీ. నాకూ అంతే, సెయింట్ లూయిస్‌లో ఉన్న మా అమ్మాయికి రెండో పురుడని వెళ్ళేదాకా. అక్కడ ఊరికే కూర్చోలేక సాయంత్రాలు అల్లుడి పక్కన చేరి ఆ ఊరి జట్టు కార్డినల్స్ మ్యాచ్‌లు చూడటం మొదలుపెట్టాను. ఒక్కో జట్టు సీజన్‌కి 162 ఆటలు ఆడుతుంది. మన ఐపీఎల్ లీగ్ దశలో ఆడేవి 14. అంటే దాదాపు రోజూ మ్యాచే. లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, స్కోరుకార్డు కళ్ళ ముందు పడితే చదవకుండా ఉండలేను.

తిరిగి వచ్చాక మా పెద్ద మనవడు ఇమ్మాక్యులేట్ గ్రిడ్ అనే దాన్ని అంటించాడు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అడ్డం మూడు, నిలువు మూడు, మొత్తం తొమ్మిది గళ్ళు. పైన మూడు జట్లు, పక్కన మూడు జట్లు ఇస్తారు. ఒక్కోసారి జట్టు బదులు '3000 హిట్లు', 'గోల్డ్ గ్లవ్' (ఫీల్డింగ్‌కి ఇచ్చే బహుమతి) లాంటి షరతు ఉంటుంది. అడ్డం జట్టుకీ నిలువు జట్టుకీ, రెండింటికీ ఎప్పుడో ఒకప్పుడు ఆడినవాడి పేరు ఆ గడిలో రాయాలి. ఒకడిని ఒక్కసారే వాడాలి. తొమ్మిది గళ్ళకి తొమ్మిదే అవకాశాలు, పేరు తప్పితే ఒక అవకాశం పోయినట్టే.

తొమ్మిదీ నింపడం నాకు పెద్ద కష్టం కాదు. చిక్కంతా రేరిటీ స్కోరుతోనే. మనం రాసిన పేరునే ఆ గడిలో ఎంత శాతం మంది రాశారో చూసి, ఆ శాతాలన్నీ కూడతారు. ఖాళీ వదిలిన గడికి 100. కాబట్టి ఎంత తక్కువ వస్తే అంత గొప్ప. నేనేమో పుహోల్స్, ఆజీ స్మిత్, లూ బ్రాక్ అని కార్డినల్స్ హేమాహేమీల పేర్లే రాస్తాను. ప్రపంచమంతా అదే రాస్తుంది. మనవడు నాలుగో తరగతి. వాడు ఎవరెవరివో పేర్లు రాసి, నాకంటే బాగా తక్కువ తెచ్చుకుని ఫ్యామిలీ గ్రూపులో స్క్రీన్‌షాట్ పెడతాడు. కింద అల్లుడి చప్పట్లు.

నాకు సొంతంగా గుర్తొచ్చే అరుదైన పేరు ఒక్కటే, రిక్ ఆంకీల్. 2000లో ప్లేఆఫ్స్‌లో అట్లాంటా మీద ఒక్క ఇన్నింగ్స్‌లో ఐదు వైల్డ్ పిచ్‌లు వేసి, బంతిని క్యాచర్ దగ్గరికి చేర్చలేకపోయిన కుర్ర పిచర్ (బంతి వేసేవాడు). 2007లో అదే కార్డినల్స్ జట్టుకి ఔట్‌ఫీల్డర్‌గా (మైదానం చివర ఫీల్డింగ్ చేసేవాడిగా) తిరిగొచ్చి, వచ్చిన రోజే హోమ్‌రన్ కొట్టాడు. అల్లుడు ఆ కథ చెబుతుంటే చేతిలో ఉన్న గోరుచిక్కుళ్ళు అలాగే ఉండిపోయాయి. తరవాత రాయల్స్, బ్రేవ్స్, నేషనల్స్, ఆస్ట్రోస్, మెట్స్ అన్నిటికీ వెళ్ళాడు కాబట్టి ఎక్కడో ఒకచోట పనికొస్తాడు. కానీ ఎన్నాళ్ళని ఆ ఒక్కడి మీద బతకను?

ఇలాంటి పేర్లు మీకు ఎలా గుర్తుంటాయి? జాబితాలు బట్టీ పడతారా? ఇంకో సందేహం: ఆడేముందు ఆటగాళ్ళ లెక్కలన్నీ ఉండే బేస్‌బాల్ రిఫరెన్స్ సైటు తెరిచి చూసుకోవడం కాపీ కిందికి వస్తుందా, రాదా? మా ఇంట్లో దీని మీద పెద్ద వాదన నడుస్తోంది.

నైట్‌షిఫ్ట్ పటమట, విజయవాడ

మేడం గారూ, మీలాంటివాళ్ళు ఇక్కడ ఉన్నారని తెలిసి ప్రాణం లేచొచ్చింది. నాది అమెరికా ఆసుపత్రుల బిల్లింగ్ పని, రాత్రి డ్యూటీ. క్లీవ్‌లాండ్‌లో ఉండే మా టీమ్ లీడ్ కాల్ మొదలవకముందే 'ఇవాళ గ్రిడ్ ఎంత?' అని అడుగుతాడు. ఆయనకి సమాధానం చెప్పలేక నేర్చుకున్న ఆట ఇది.

బట్టీ పట్టకండి, నిలవదు. నా పద్ధతి ఒకటే: ట్రేడ్‌లో, అంటే జట్లు ఆటగాళ్ళని మార్చుకునే బేరంలో, అవతలివాడిని పట్టుకోవడం.

పెద్ద ఆటగాడు జట్టు మారాడంటే అతనికి బదులుగా ఇంకెవరో అటు నుంచి ఇటు వచ్చి ఉంటారు. పెద్దాయన పేరు అందరూ రాస్తారు, మీరు రెండోవాడిని రాయండి. కబ్స్, కార్డినల్స్ గడి వస్తే జనం లూ బ్రాక్ అంటారు. 1964 జూన్‌లో అతని కోసం కార్డినల్స్ ఇచ్చిన పిచర్ ఎర్నీ బ్రోలియో. అంతకుముందు ఏడాదే 18 మ్యాచ్‌లు గెలిచినవాడు, కబ్స్‌కి వెళ్ళాక మూడు సీజన్లలో 7 గెలిచి 19 ఓడాడు. పాద్రేస్, కార్డినల్స్ గడికి మీరు ఆజీ స్మిత్ రాస్తున్నారు కదా, అతనికి బదులుగా అటు వెళ్ళింది గ్యారీ టెంపుల్టన్. రెడ్స్, ఓరియోల్స్ అంటే అందరికీ ఫ్రాంక్ రాబిన్సన్. అవతలివాడు మిల్ట్ పాపస్. మెట్స్, ఏంజెల్స్ అంటే నోలన్ రయాన్. అవతలివాడు జిమ్ ఫ్రెగోసీ. ఒక్క కథ గుర్తుంటే రెండు పేర్లు చేతికొస్తాయి.

రెండోది, ఊళ్ళు మారిన జట్లు. పాత పేరుతో ఆడినవాళ్ళు కూడా ఇప్పటి జట్టు కింద చెల్లుతారు. సెయింట్ లూయిస్ బ్రౌన్స్ 1954లో బాల్టిమోర్ వెళ్ళి ఓరియోల్స్ అయ్యింది. వాషింగ్టన్ సెనేటర్స్ 1961లో మిన్నెసోటా ట్విన్స్ అయితే, దాని స్థానంలో పుట్టిన రెండో సెనేటర్స్ 1972లో టెక్సస్ రేంజర్స్ అయ్యింది. మాంట్రియల్ ఎక్స్‌పోస్ 2005 నుంచి నేషనల్స్. చాలామంది ఇప్పటి టీవీ మొహాల దగ్గరే ఆగిపోతారు కాబట్టి 1950కి ముందువాళ్ళని తవ్వితే శాతం బాగా పడిపోతుంది. మీరు సెయింట్ లూయిస్ మనిషే కాబట్టి బ్రౌన్స్‌తో మొదలుపెట్టండి. సాచెల్ పేజ్ క్లీవ్‌లాండ్‌కి ఆడాడు, బ్రౌన్స్‌కి ఆడాడు, 1965లో 59 ఏళ్ళ వయసులో కాన్సస్ సిటీ ఏస్ (అథ్లెటిక్స్) తరపున బంతి వేశాడు. ఆయన మరీ అనామకుడేం కాదులెండి, దారి చూపించడానికి చెప్పాను.

ఒక హెచ్చరిక. ఎడ్విన్ జాక్సన్ పేరు మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. 2003 నుంచి 2019 దాకా 14 జట్లకి ఆడాడు, అది రికార్డు. 2025లో రిచ్ హిల్ రాయల్స్‌కి ఆడి దాన్ని సమం చేశాడు. జాక్సన్ గడి నింపడానికి దేవుడే, కానీ అవసరం పడ్డ ప్రతివాడూ ఆయన్నే పిలుస్తాడు కాబట్టి స్కోరు తగ్గదు. ఆఖరి అవకాశం మిగిలినప్పుడు మాత్రమే వాడండి.

కృష్ణలంక క్రికెట్

ఎవరో ఊరూ పేరూ తెలియని అమెరికావాళ్ళ కోసం ఇంత టెన్షన్ ఎందుకండీ? ఇదే గ్రిడ్ ఐపీఎల్ జట్లతో గీసుకోండి, పెన్నూ కాగితం చాలు. మా బ్యాచ్ అలాగే ఆడుతుంది. మీ ఎడ్విన్ జాక్సన్‌లాగా మాకు ఆరన్ ఫించ్ ఉన్నాడు, తొమ్మిది ఐపీఎల్ జట్లు. కొచ్చి టస్కర్స్ 2011లో ఒక్క సీజన్ ఆడి మాయమైంది, ఆ గడి వస్తే సగం మంది నోళ్ళు మూతపడతాయి. డెక్కన్ చార్జర్స్ అంటే గిల్‌క్రిస్ట్, రోహిత్ అని రాసేవాడికి మా దగ్గర సున్నా. తిరుమలశెట్టి సుమన్, ద్వారకా రవితేజ, వేణుగోపాలరావు పేర్లు రాస్తేనే మార్కులు.

నా అనుభవంలో చదివినవాడు గుర్తుండడు, చూసినవాడు గుర్తుంటాడు. 2002లో మన ఇందిరాగాంధీ స్టేడియంలో వెస్టిండీస్‌తో ఏడో వన్డే. సిరీస్ 3-3 మీద ఉంది. మా నాన్న భుజాల మీద ఎక్కి చూశాను. మనవాళ్ళు ఓడిపోయారు, సిరీస్ పోయింది. శామ్యూల్స్ సెంచరీ ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. అదే ఇంకో ఊళ్ళో జరిగి ఉంటే నాకు ఆ స్కోరుతో ఏం పని?

అన్నట్టు మేడం, గ్రిడ్‌లో రింకూ సింగ్ అని కొట్టకండి. మన రింకూ కాదు, ఇంకో రింకూ ఉన్నాడు. 2008లో పిచింగ్ పోటీలో నెగ్గి, దినేష్ పటేల్‌తో కలిసి పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో సంతకం చేసిన యూపీ కుర్రాడు. ఇద్దరూ మేజర్ లీగ్ దాకా రాలేదు కాబట్టి ఆ పేర్లు చెల్లవు. తరవాత ఆ రింకూ కుస్తీలోకి, డబ్ల్యూడబ్ల్యూఈకి వెళ్ళిపోయాడు.

ఎక్స్‌పోస్ అనాథ, విద్యానగర్, గుంటూరు

కృష్ణలంక తమ్ముడూ, చూసినవాడే గుర్తుంటాడన్నది సగమే నిజం. నేను చదువుకోవడానికి మాంట్రియల్ వెళ్ళేసరికి అక్కడ జట్టే లేదు, వాషింగ్టన్ వెళ్ళిపోయి ఏళ్ళయింది. మా ఇంటి ఓనరు ముసలాయన చెప్పిన కబుర్లతోనే నేను ఎక్స్‌పోస్ అభిమానినయ్యాను. ఒక్క బంతి కూడా చూడలేదు.

మాస్టారమ్మ గారూ, మెట్స్, నేషనల్స్ గడి ఎప్పుడైనా వస్తే జోయెల్ యంగ్‌బ్లడ్ అని రాయండి. 1982 ఆగస్టు 4. మధ్యాహ్నం షికాగోలో మెట్స్ తరపున ఫెర్గీ జెంకిన్స్ బంతిని హిట్ కొట్టాడు. ఆట మధ్యలోనే పిలిచి 'నిన్ను మాంట్రియల్‌కి ఇచ్చేశాం' అన్నారు. బయల్దేరినవాడు గ్లవ్ మరిచిపోయి మళ్ళీ స్టేడియానికి వెళ్ళి తెచ్చుకున్నాడు. విమానం ఎక్కి ఫిలడెల్ఫియాలో దిగి, ఆ రాత్రే ఎక్స్‌పోస్ తరపున స్టీవ్ కార్ల్టన్ బంతిని హిట్ కొట్టాడు. ఒకే రోజు, రెండు ఊళ్ళు, రెండు జట్లు, రెండు హిట్లు. వేసినవాళ్ళిద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్ పిచర్లు. ఇది ఒకసారి విన్నాక ఎవరైనా మరిచిపోతారా?

ట్విన్స్ గడులకి బోబో న్యూసమ్‌ని దగ్గర పెట్టుకోండి. పాత సెనేటర్స్‌కి ఐదు విడతలుగా ఆడాడు. బ్రౌన్స్, టైగర్స్, డాడ్జర్స్, ఏస్, యాంకీస్, జెయింట్స్, రెడ్ సాక్స్, కబ్స్, అన్నీ తిరిగాడు. గెలిచినవి 211, ఓడినవి 222. ఎదుటివాళ్ళ పేర్లు గుర్తుండక కనపడ్డవాళ్ళందరినీ 'బోబో' అనే పిలిచేవాడట, తనని తాను కూడా.

కాపీ సంగతి: ఆడేముందు చూస్తే కాపీయే, మీ మనవడి పక్షమో మీ పక్షమో తెలియకుండానే చెబుతున్నాను. ఆడాక చూస్తే చదువు. ఆడటం అయిపోగానే ప్రతి గడికీ సరిపోయేవాళ్ళందరి జాబితా చూసుకోవచ్చు. నేనైతే అందులో ఒక్క పేరు ఎంచుకుని అతని పేజీ పూర్తిగా చదువుతాను. రెండు పేర్లు చదివిన రోజు రెండూ గుర్తుండవు.

బ్రాడీపేట మాస్టారమ్మ, గుంటూరు

అందరికీ ధన్యవాదాలు. కాపీ గురించి మీరిచ్చిన తీర్పు మా అల్లుడికి వినిపించాను, మొహం మాడ్చుకున్నాడు. ఎందుకో మీరే ఊహించుకోండి.

పటమట బాబూ, నీ పద్ధతి బ్రహ్మాండం. మొన్న ఎన్టీఆర్ స్టేడియంలో వాకింగ్ అయ్యాక బెంచీ మీద కూర్చుని ఫోను తెరిస్తే, సరిగ్గా కబ్స్, కార్డినల్స్ గడే పడింది. కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయింది. ఫోను చెయ్యి చాచినంత దూరం పెట్టి 'బ్రో' అని కొట్టగానే కింద బోలెడు పేర్లు దిగాయి, పక్కన ఆడిన సంవత్సరాలతో. 1959 నుంచి 1966 అని ఉన్నదాన్ని నొక్కాను. గడిలో నలుపు తెలుపు ఫొటో వచ్చింది, టోపీ కింద కళ్ళు చిట్లించుకుని చూస్తున్నాడు. శాతం తగ్గింది కానీ నేను ఆశపడ్డంత కాదు. ఆ ట్రేడ్ అమెరికాలో చిన్నపిల్లలకి కూడా తెలిసిన కథేనట. ఎంత చెడిపోయిన బేరమో చెప్పడానికి ఇప్పటికీ బ్రాక్, బ్రోలియో అనే అంటారని మనవడు చెప్పాడు.

అప్పుడు తట్టింది. ఆ ట్రేడ్‌లో మారింది ఇద్దరు కాదు, ఆరుగురు. బ్రోలియోతో పాటు కార్డినల్స్ నుంచి బాబీ షాంట్జ్, డగ్ క్లెమెన్స్ వెళ్ళారు. బ్రాక్‌తో పాటు అటు నుంచి జాక్ స్ప్రింగ్, పాల్ టోత్ వచ్చారు. షాంట్జ్ 1952లో అమెరికన్ లీగ్ ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు, ఆయన్ని తీసేద్దాం. మిగిలిన ముగ్గురూ ఎవరికి కావాలి? నాకే కావాలి. మీ మెట్స్, ఏంజెల్స్ ట్రేడ్ కూడా విప్పి చూశాను. ఫ్రెగోసీ కోసం రయాన్ ఒక్కణ్ణే ఇవ్వలేదు, ఇంకో ముగ్గురిని కూడా ఇచ్చారు. వాళ్ళలో లీరాయ్ స్టాంటన్ రెండు జట్లకీ ఆడాడు. ఇకమీదట నా లెక్క అవతలివాడి పక్కవాడితోనే. ట్రేడ్‌కి ఒక పేజీ చొప్పున రూళ్ళ నోటుబుక్కు పెట్టాను.

కృష్ణలంక నాయనా, నీ ఐపీఎల్ గ్రిడ్ పక్కింటి పిల్లలకి గీసి ఇచ్చాను. నన్ను వదిలేశారు, వాళ్ళలో వాళ్ళు కొట్టుకుంటున్నారు.

ఇప్పుడు బ్రూవర్స్ దగ్గర ఇరుక్కున్నాను. ఆ జట్టు 1969లో ఒక్క ఏడాది సియాటిల్ పైలట్స్‌గా ఆడిందని చదివాను. ఆ ఒక్క ఏడాదివాళ్ళలో పనికొచ్చేవాడు ఎవరైనా ఉన్నాడా?

నైట్‌షిఫ్ట్ పటమట, విజయవాడ

టామీ హార్పర్, మేడం గారూ. ఆ ఏడాది పైలట్స్ తరపున 73 బేస్‌లు స్టీల్ చేశాడు (ఎవరూ బంతి కొట్టకుండానే తరవాతి బేస్‌కి పరుగెత్తి చేరడం), లీగ్‌లో మొదటి స్థానం. మరుసటి ఏడాది జట్టుతో పాటే మిల్వాకీ వెళ్ళి 31 హోమ్‌రన్లు, 38 స్టీల్స్. రెడ్స్, క్లీవ్‌లాండ్, రెడ్ సాక్స్, ఏంజెల్స్, ఏస్, ఓరియోల్స్, ఏ గడి వచ్చినా ఏదో ఒకటి తగులుతుంది. మా క్లీవ్‌లాండ్ బాస్‌కి మాత్రం చెప్పకండి, ఈయన్ని దాచుకున్నాను.