ఒక్క రిపోర్టు చూసి టెస్టోస్టిరాన్ సూది మొదలుపెట్టొచ్చా?

గుంటకాపలా:
అన్నలూ, అల్లూరు పక్కన నాకు రొయ్యల గుంటలు ఉండాయి. వయసు 44. ఏడాదిగా ఒళ్లంతా బరువు, మధ్యాహ్నమైతే కళ్లు మూతలు పడతా ఉండాయి. ఇంట్లో ఆ విషయం మీద కూడా మనసు పోవడం లేదు (పేరు కనపడదు కాబట్టి రాస్తా ఉండా). నెల్లూరులో ఒక క్లినిక్కుకి పోతే రక్తం తీసి టెస్టోస్టిరాన్ (మగ హార్మోను) 286 అన్నారు. 300 లోపు ఉంది కాబట్టి మూడు వారాలకొక సూది, ఆరు నెలల ప్యాకేజీ, డబ్బు ముందే కడితే తగ్గింపంట. మా బావమరిది వేయించుకో బావా అంటాడు. మా ఆవిడేమో గుండెకి ఏమన్నా అవుద్దేమో అని భయపడతా ఉంది. ఏం చెయ్యమంటారు?

కావలిమాస్టారు:
నాయనా, ప్యాకేజీ అన్నప్పుడే తెలిసిపోలా, అది వైద్యమో వ్యాపారమో? వయసు పైబడితే ఆ హార్మోను తగ్గుతుంది, అందరికీ తగ్గుతుంది. మీ ఆవిడ భయం ఉత్తది కాదు. 65 దాటి, నడక మందగించిన 209 మంది మీద అమెరికాలో ఇదే హార్మోనుని ఒంటికి రాసుకునే జెల్‌గా పరీక్షించారు. మందు రాసుకున్నవాళ్లలో గుండె ఇబ్బందులు ఎక్కువయ్యాయని మధ్యలోనే ఆపేశారు. 2010లో అచ్చయింది. ఇంకా ఏం కావాలి?

ఒంగోలుగిత్త:
మాస్టారూ, అది పాత లెక్క. ఆ గోల తేల్చడానికే ట్రావర్స్ అని పెద్ద ట్రయల్ పెట్టారు, 2023లో ఫలితం వచ్చింది. 45 నుంచి 80 ఏళ్ల వాళ్లు 5,200 మందికి పైనే. అందరికీ హార్మోను తక్కువే, అందరూ గుండెజబ్బు ఉన్నవాళ్లో, వచ్చే ప్రమాదం ఉన్నవాళ్లో. సగం మందికి మందు జెల్, మిగతా వాళ్లకి మందు లేని ఉత్త జెల్. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బుతో చావులు మూడూ కలిపితే మందు వాడినోళ్లలో 7.0 శాతం, ఉత్త జెల్ వాళ్లలో 7.3.

నా సంగతి చెప్తా. ఆరేళ్ల కింద తలలో పిట్యూటరీ (ఈ హార్మోను తయారీకి కబురు పంపే గ్రంథి) దగ్గర గడ్డకి ఆపరేషనయింది. ఆ తర్వాత వారానికోసారి గడ్డం గీసుకున్నా సరిపోయేది. మెట్లెక్కాలంటే రెయిలింగ్ పట్టుకోవాలి. సూదులు మొదలుపెట్టిన మూడో నెలలో ఒకరోజు సాయంత్రం చెంప తడుముకుంటే గరుకు తగిలింది. పొద్దునే గీసుకున్నా మరి! ఆ రోజు బాత్రూంలో ఒక్కణ్ణే నవ్వుకున్నా. లేనోడికి ఇయ్యడం వ్యాపారం కాదు మాస్టారూ. సుగర్ వాళ్లకి ఇన్సులిన్ వద్దంటామా?

మందులషాపుమామ:
గిత్తా, నీకు ఫ్యాక్టరీయే మూతపడింది, నీ కేసు వేరు. ఈ అబ్బాయిది ఇంకా తేలలా. ఆ ట్రయల్లోనే మిగతా సగం కూడా చెప్పాల. గుండె లయ తప్పడం, కిడ్నీకి దెబ్బ, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ, ఈ మూడూ మందు వాడినోళ్లలోనే ఎక్కువ. ఎముకలకి బలం అని అందరం అనుకున్నాం గదా, 2024లో ఆ ట్రయల్ నుంచే ఇంకో లెక్క బయటికొచ్చింది. ఎముకలు విరిగినోళ్లు కూడా మందు వైపే ఎక్కువ తేలారు.

అబ్బాయ్, నీ రక్తం ఎన్నిగంటలకి తీశారు? ఏమన్నా తిని ఉన్నావా? ఈ హార్మోను పొద్దున ఎక్కువ, సాయంత్రానికి దిగిపోద్ది. తింటే ఇంకా దిగిద్ది. అందుకే రెండు వేరువేరు రోజులు, పొద్దున, పరగడుపున చూడాలంటారు. ఇంకోటి విను. అమెరికా యూరాలజీ డాక్టర్లు గీసిన గీత 300, ఎండోక్రైన్ (హార్మోన్ల) డాక్టర్లది 264. నీ 286 ఒక గీతకి రోగం, ఇంకో గీతకి కాదు.

గుంటకాపలా:
సాయంత్రం నాలుగింటికి మామా. చేపల పులుసుతో కడుపునిండా తినేసి పోయినా. రాత్రిపూట నిద్ర ఎక్కడిది? కరెంటు పోయి గుంట నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్యలు పైకి తేలతాయి. జనరేటర్ పక్కనే మంచం. రెండు గంటలు పడుకుంటే గొప్ప.

మందులషాపుమామ:
అదిగో! కుర్రాళ్లని ఒక వారం పాటు రాత్రికి ఐదు గంటలే నిద్రపోనిస్తే వాళ్లకే 10 నుంచి 15 శాతం పడిపోయింది. నీది రెండు గంటలు, అదీ ఏడాదిగా. గురక పెడతావా? పొట్ట ఎంతుంది? అవి చూడకుండా సూది ఏందయ్యా!

సింగరాయకొండలిఫ్టర్:
నా సంగతి రాయాలా వద్దా అని రెండ్రోజుల నుంచీ చూస్తన్నా. నాకు 31. జిమ్ములో ఒకడు ఈ టెస్టోస్టిరాన్ సూదిమందు వయల్ తెచ్చిచ్చేవాడు, చీటీ లేదు, పరీక్ష లేదు. 14 నెలలు వేసుకున్నా. చొక్కా చేతులు బిగుసుకున్నాయి, అద్దం ముందు నుంచి కదల్లేదు. పెళ్లయింది. ఏడాదైనా పిల్లల్లేరు. మా అమ్మ మా ఆవిణ్ణి పెంచలకోన తీసుకెళ్లి మొక్కులు మొక్కించింది. డాక్టరు నన్నే పరీక్ష చేయించుకోమంటే కాయితంలో వీర్యకణాల కౌంట్ దగ్గర సున్నా.

హార్మోను బయట నుంచి వస్తుంటే, లోపల సరిపడా ఉందనుకుని మెదడు వృషణాలకి కబురు పంపడం మానేసిద్దంట. ఇదే సూదిని మగవాళ్ల గర్భనిరోధకంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షించిందని డాక్టరు చెప్తే తల దించుకున్నా. మానేసి 11 నెలలు. మొన్న మిల్లీలీటరుకి 40 లక్షలు వచ్చింది. 1.6 కోట్లకి తక్కువ ఉండకూడదు. లోపం నాదేనని మా అమ్మకి చెప్పడానికి రెండు నెలలు పట్టింది. అన్నా, నీకింకా పిల్లలు కావాలంటే ఆ మాట డాక్టరుకి ముందే చెప్పు. కబురు మళ్లీ పంపించే మందులు వేరే ఉన్నాయి.

కావలిమాస్టారు:
బాబూ, మీ ఆవిణ్ణి తలుచుకుంటే కడుపు తరుక్కుపోయింది. గిత్తగారూ, మీబోటి వాళ్లకి వద్దని నేను అనలేదు, అన్నట్టు రాశానేమో. కానీ ప్రోస్టేటు మాటేమిటి? నాకు 63, ఆ భయం నాకుంది.

మందులషాపుమామ:
ఆ భయం 1941 నుంచి ఉంది మాస్టారూ. వృషణాలు తీసేస్తే ప్రోస్టేట్ క్యాన్సర్ అణిగిందని హగిన్స్ చూపించాడు, దానికే 1966లో నోబెల్. దాన్ని తిరగేసి, హార్మోను ఇస్తే క్యాన్సర్ వస్తదని జనం అనుకున్నారు. ట్రావర్స్‌లో అట్లా పెరిగినట్టు తేలలా. అయినా పీఎస్ఏ (ప్రోస్టేటు కోసం చేసే రక్తపరీక్ష) చూడకుండా మొదలుపెట్టరు. నేను అంతకంటే భయపడేది రక్తం చిక్కబడటానికి. హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, 54 దాటితే సూది ఆపాల్సిందే. ఆ ప్యాకేజీలో ఈ పరీక్ష ఉందా అబ్బాయ్?

ఒంగోలుగిత్త:
నాకు చూస్తానే ఉంటారు, ఒకసారి 53 దాకా పోతే మోతాదు తగ్గించారు. మామ ఒకటి వదిలేశాడు, నేను చెప్తా. 2021లో ఆస్ట్రేలియాలో లావుగా ఉండి సుగర్ అంచున ఉన్న వెయ్యి మందికి రెండేళ్లు చూశారు. తిండి, వ్యాయామం అందరికీ ఒకటే. రెండేళ్లకి సూది వేసినోళ్లలో సుగర్ ఉన్నది 12 శాతం మందికి, మిగతావాళ్లలో 21.

మందులషాపుమామ:
సూది వాళ్లలో ఐదుగురికి ఒకరి రక్తం 54 గీతకి చేరింది గదా, అదీ చెప్పు మరి.

ఒంగోలుగిత్త:
చేరింది. కాదన్నానా?

గుంటకాపలా:
ప్యాకేజీ కాయితం మళ్లీ చదివినా మామా. సూదులు, విటమిన్ బిళ్లలు, డైట్ చార్టు. రక్త పరీక్ష అసలు లేదు. గురక సంగతి మా ఆవిణ్ణి అడిగితే, అది కూడా నన్నడగాలా అనింది. సోమవారం పొద్దున ఏడింటికి పరగడుపున వేరే ల్యాబుకి పోతా ఉండా. శని, ఆదివారాలు రాత్రి గుంట కాడికి బావమరిదిని పంపిస్తా. సూది వేయించుకోమంది వాడే గదా, రెండు రాత్రులు ఏరేటర్లు చూడనీ.