అప్‌డేట్: 25 శాతం పెరిగితే 20 శాతమే ఎందుకు తగ్గాలి?

ఇక్కడ మొన్న నేనడిగిన లెక్క ఇది: వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి ధర 25 శాతం పెరిగింది, మళ్లీ పాత ధరకు రావాలంటే ఎంత శాతం తగ్గాలి? మా పాప 25 అంది, జవాబేమో 20.

మీరు చెప్పినట్టే, పాత ధరను ఎక్స్ అనుకోవడం కాసేపు పక్కన పెట్టి, క్వింటాల్ 12,000 అనుకోమన్నాను. పెరిగింది 3,000, కొత్త ధర 15,000. తగ్గాల్సిందీ అదే 3,000, కానీ ఇప్పుడు లెక్క 15,000 మీద. 3,000ను 15,000తో భాగించి 100తో గుణిస్తే 20. "అంటే కింది అంకె మారింది నాన్నా!" అని తనే పట్టేసింది. ఎంత సంతోషమేసిందో!

ఆ తర్వాత ఎక్స్‌తోనూ చేసింది. వ్యాసార్థం 10 శాతం పెరిగితే వృత్త వైశాల్యం 21 శాతం పెరుగుతుందని కూడా 1.1ని వర్గం చేసి (1.21) రాబట్టింది. అందరికీ థాంక్స్. సరూప త్రిభుజాల టెన్షన్ మాత్రం ఇంకా ఉంది, అది విడిగా అడుగుతాను.