ఈ ఎండల్లో మీ గడపకు వచ్చినవాళ్లకు నీళ్లు ఏ గ్లాసులో ఇస్తున్నారు?

హంద్రీగట్టు (కర్నూలు)
మొన్న మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు గ్యాస్ బండ తెచ్చే అతను వచ్చాడు. మాది మూడో అంతస్తు. లిఫ్ట్ ఉంది కానీ సిలిండర్లు అందులో ఎక్కించకూడదని కాగితం అంటించారు. భుజం మీద మోసుకొచ్చి వంటింట్లో దించాడు. మెడ చుట్టూ వేసుకున్న తువ్వాలు పిండితే నీళ్లు కారేలా ఉంది. బయటికొచ్చి "అక్కా, కొంచెం నీళ్లు" అన్నాడు. నేను కుండలో నీళ్లు ముంచేలోపే మా అత్తమ్మ తలుపు బయట, చెప్పుల స్టాండ్ పైనున్న కిటికీ అంచు మీద బోర్లించిన స్టీలు గ్లాసు అతని చేతికిచ్చి, చెంబుతో పైనుంచి పోసింది.

ఆ గ్లాసు అంచున సొట్ట ఉంటుంది. నేను కాపురానికి వచ్చి తొమ్మిదేళ్లయింది, అప్పటికే అది అక్కడుంది. ఇల్లు ఊడ్చే ఆమెకు, చెత్త బండి ఆమెకు అందులోనే ఇస్తాం. రోజూ చూస్తూనే ఉన్నా ఏనాడూ ఆలోచించలేదు. అతను తాగి, ఇంకొన్ని నీళ్లు అడిగి గ్లాసు కడిగి, సరిగ్గా అదే చోట బోర్లించి వెళ్లాడు. అది అక్కడ పెట్టాలని అతనికి ఎవరూ చెప్పలేదు. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు.

మీ ఇళ్లలో, మీ వీధుల్లో ఎలా ఉంది? చూసింది చూసినట్టు రాయండి.

బండిమీదబతుకు (కర్నూలు)
నేను భోజనం పార్సిళ్లు డెలివరీ చేస్తాను అక్కా. ఎండ ముదిరేకొద్దీ మాకు ఆర్డర్లు పెరుగుతాయి. పన్నెండు నుంచి మూడు దాకా ఊపిరాడదు. ఆ టైములో ఎవరూ ఇంట్లోంచి కదలరు కదా, మరి అన్నం వాళ్ల దగ్గరికి రావాలి. సిగ్నల్ దగ్గర ఆగితే కింద తారు సెగ, పైన ఎండ. సీటు మీద తడి గుడ్డ వేస్తే పది నిమిషాల్లో ఆరిపోతుంది.

నీళ్లు అడగడం మానేశాను. రెండు లీటర్ల సీసాకు తడి గోనె గుడ్డ చుట్టి బండికి కట్టుకుంటాను. అడిగితే కొందరు లోపలికెళ్లి తలుపేసుకుంటారు, ఇస్తారో లేదో తెలియక నిలబడాలి. పాతబస్తీలో ఒక పెద్దమ్మ మాత్రం రంజాన్ నెలలో, తను రోజా ఉండి కూడా, "కూర్చో బేటా" అని ఫ్యాన్ వేసి చెంబుతో నీళ్లిచ్చింది. ఆ ఇల్లు ఇప్పటికీ గుర్తుంది.

రాజ్‌విహార్ దగ్గర నన్నారి సోడా తాగితే అందరికీ ఒకే రకం గ్లాసు. డబ్బిచ్చే చోట తేడా లేదు. ఊరికే ఇచ్చే చోటే ఉంది.

వేపచెట్టునీడ (నార్పల, అనంతపురం జిల్లా)
తమ్ముడూ, డబ్బిచ్చే చోట కూడా ఉండేది. మా చిన్నప్పుడు పక్క ఊరి టీ హోటల్లో మా గేరి (వాడ) వాళ్ల గ్లాసులు చూరులో వేరేగా దోపేవాళ్లు. మా నాయన టీకి డబ్బులిచ్చి, తాగిన గ్లాసు తనే కడిగిపెట్టి వచ్చేవాడు. అంటరానితనం శిక్షించదగిన నేరమని 1955లోనే చట్టం వచ్చింది. చూరులో గ్లాసులు నా కళ్లతో నేను చూసింది అది వచ్చిన ముప్పై ఏళ్లకు.

నేను ఉపాధి హామీ పనిలో మేటుగా, అంటే కూలీల పని చూసుకునే మనిషిగా చేశాను. ఈ పథకం 2006 ఫిబ్రవరిలో మా మండలంలోని బండ్లపల్లిలోనే మొదలైంది, ఆ గర్వం మాకు ఇప్పటికీ ఉంది. పని చేసే చోట తాగే నీళ్లు, నీడ కల్పించాలని చట్టంలోనే రాసుకున్నారు. మొదట్లో కడవలు పెట్టేవాళ్లం. మా కడవ దగ్గరికి కొందరు వచ్చేవాళ్లు కాదు, గొంతెండినా సరే వాళ్ల గుంపు కడవ వచ్చేదాకా కూర్చునేవాళ్లు. ఇప్పుడు ఎవరి సీసా వాళ్లు తెచ్చుకుంటారు. అందరూ కలిసిపోయారని చూసేవాళ్లు అనుకుంటారు. సీసా వచ్చాక ఒకరి నీళ్లు ఒకరు తాగాల్సిన అవసరమే లేకుండా పోయింది, అంతే. పది గంటలకు ఎండ నెత్తికెక్కి అందరూ చెట్టు కిందికి చేరినప్పుడు చూడండి, ఒకే వేపచెట్టు, మొదలుకు ఈ పక్క ఒక గుంపు, ఆ పక్క ఒక గుంపు.

బుగ్గవంక (కడప)
అన్నిటికీ కులం రంగు పూయడం సరికాదని నా అభిప్రాయం. బయట తిరిగొచ్చేవాళ్లకు వేరే గ్లాసు పెట్టడం శుభ్రత కోసం కూడా కావచ్చు, కరోనా తర్వాత చాలామంది అలాగే చేస్తున్నారు. పెద్దవాళ్లకు వాళ్ల అలవాట్లు ఉంటాయి. మా అపార్ట్‌మెంట్‌లో ఏప్రిల్ నుంచి బోరు అడుగంటి ట్యాంకర్లు కొంటున్నాం. అయినా గేటు దగ్గర చలివేంద్రం పెట్టాం.

హంద్రీగట్టు (కర్నూలు)
చలివేంద్రం పెట్టినందుకు సంతోషం అన్నా. కానీ ఒకటి అడుగుతాను. మా ఆడపడుచు హైదరాబాద్ నుంచి బస్సులో రాత్రంతా ప్రయాణం చేసి వస్తే ఆ సొట్ట గ్లాసులో ఎప్పుడూ ఇవ్వలేదు. శుభ్రతే అయితే ఆమెకూ అందులోనే ఇవ్వాలి కదా?

సిస్టరమ్మ (కర్నూలు)
ఆసుపత్రిలో నర్సుగా పని చేస్తున్నాను. మే నెలలో ఎండదెబ్బతో మా వార్డుకు వచ్చేది ఎవరో చెబుతాను. హమాలీలు, మేస్త్రీ కింద కూలీలు, గొర్రెల కాపరులు, రేకుల ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలివాళ్లు. మట్టి మిద్దె కింద ఉన్న ముసలాయనకు, రేకుల కింద ఉన్న ముసలాయనకు ఒకే ఊళ్లో రెండు రకాల వేసవి. రేకు పగలంతా కాలి రాత్రి దాకా సెగ కక్కుతుంది. స్తోమత లేనివాళ్లు కనీసం రేకుల మీద సున్నం కొట్టించుకోండి, కొంత తేడా తెలుస్తుంది.

మనిషి తడబడుతూ సంబంధం లేని మాటలు మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా 108కి ఫోన్ చేయండి. చెమట పడుతోంది కదా అని ధైర్యపడొద్దు. బండి వచ్చేలోపు నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి విసరండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. నీరసించినా తెలివిగా ఉన్నవాళ్లకు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. టీస్పూనుతో సమంగా కొలవండి, చేతి అంచనా వద్దు.

ఒక హమాలీకి స్పృహ వచ్చాక అడిగాను, నీళ్లెందుకు తాగలేదని. "మాటిమాటికీ ఎవర్ని అడిగేదమ్మా" అన్నాడు.

ఎర్రనేల (ఆదోని)
మా పడమటి పల్లెల నుంచి ఏటా గుంటూరు వైపు మిరపకాయ కోతలకు వలస పోతారు. పిల్లల్ని వెంటబెట్టుకునే పోతారు. అక్కడ చేలో గుడిసె వేసుకుంటే బోరు నీళ్లే తాగడానికీ, స్నానానికీ. చేతులకు కారం మంట, పైన ఎండ. రైతు మంచివాడైతే పొద్దున్నే క్యాన్ నీళ్లు పంపిస్తాడు. మా అమ్మ ఆ రైతు పేరు దేవుడి పేరులా చెప్పుకుంటుంది.

బుగ్గవంక (కడప)
హంద్రీగట్టు గారూ, మీ ప్రశ్నకు రెండు రోజులు జవాబు రాయలేదు. నిజమే, చుట్టాలకు అలా ఇవ్వం. మా చలివేంద్రం సంగతి కూడా ఒకటి గమనించాను. దారినపోయే వాళ్లు తాగుతున్నారు. మా బ్లాకులో పని చేసే ఆడవాళ్లు మాత్రం అక్కడి దాకా రారు, మధ్యాహ్నం వదిలి వెళ్లడానికి వీలుండదట. రేపటి నుంచి ప్రతి అంతస్తులో మెట్ల దగ్గర ఒక కుండ పెట్టిస్తున్నాను. వాళ్లను లిఫ్ట్ ఎక్కనివ్వడం గురించి ఆదివారం మీటింగ్‌లో అడుగుతాను. ఒప్పుకుంటారో లేదో చెప్పలేను.

హంద్రీగట్టు (కర్నూలు)
చాలా సంతోషం అన్నా. మా ఇంటి సంగతి రాస్తాను. ఆ గ్లాసు తోమి వంటింట్లో మిగతావాటితో కలిపేశాను. అత్తమ్మ సొట్ట చూసి గుర్తుపట్టింది. ఏమీ అనలేదు, కానీ రెండు రోజులుగా ఇత్తడి చెంబుతోనే తాగుతోంది. ఆవిడకు డెబ్బై నాలుగేళ్లు. నేను గొడవ పెట్టుకోలేదు.

ఈ రోజు పొద్దున చెత్త బండి ఆమె నీళ్లడిగితే మేం తాగే గ్లాసులో కుండ నీళ్లిచ్చాను. తాగేసి కిటికీ వైపు తిరిగింది. అక్కడ పాత గ్లాసు లేదు. చేతిలోది ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడింది. "ఇలా ఇవ్వు పెద్దమ్మా" అని చెయ్యి చాపాను. "కడిగిస్తానుండు తల్లీ" అంటూ గ్లాసును పైటచెంగులో పట్టుకుని ఇంకా కొంచెం సేపు ఇవ్వలేదు.