గల్లా సంస్కృతి ఆఫ్రికా నుంచి మిగిలిందా, అమెరికాలో కొత్తగా పుట్టిందా?

నల్లరేగడి:
అమెరికాలోని దక్షిణ కరోలినా, జార్జియా తీరాల్లో, దీవుల్లో బానిసలుగా బతికిన ఆఫ్రికావాళ్ల సంతతే గల్లా-గీచీలు. వీళ్లలో ఆఫ్రికా చాలానే మిగిలిందని 1941లో మానవశాస్త్రవేత్త హెర్స్‌కోవిట్స్ వాదించాడు. బానిసత్వం అంతా తుడిచిపెట్టేసిందన్నాడు సామాజికశాస్త్రవేత్త ఫ్రేజియర్. నా ఓటు ఫ్రేజియర్‌కే. తల్లీబిడ్డల్ని విడదీసి అమ్మారు, పేర్లు మార్చారు. దక్షిణ కరోలినాలో 1739లో బానిసల స్టోనో తిరుగుబాటయ్యాక మరుసటి ఏడే చట్టం తెచ్చి డప్పులు కూడా నిషేధించారు. ఇంకేం మిగులుతుంది?

గోదారిగట్టు:
డప్పు పోతే చీపురుకర్ర పట్టుకున్నారండీ! జార్జియాలో రింగ్ షౌట్ అనే భక్తి ఆరాధన చూడండి. ఒకాయన కర్రతో చెక్కనేల మీద దరువేస్తుంటే మిగతావాళ్లు చప్పట్లు కొడుతూ అప్రదక్షిణంగా తిరుగుతారు. కాలు మీదుగా కాలు పడకూడదు. పడితే అది డాన్స్, చర్చి ఒప్పుకోదు. ఇటు చట్టానికీ దొరకలేదు, అటు చర్చికీ దొరకలేదు.

ఇంకోటి. 1930ల మొదట్లో లొరెంజో టర్నర్ అనే భాషావేత్త జార్జియా తీరంలోని హారిస్ నెక్‌లో అమేలియా డాలీ అనే గల్లా ఆవిడ పాడిన చిన్న పాట రికార్డు చేశాడు. ఆమెకు దాని అర్థం తెలియదు. అవి పశ్చిమాఫ్రికా దేశం సియెర్రా లియోన్‌లోని మెండే భాష మాటలని తేలింది. 1990లో అక్కడి ఒక పల్లెలో దాదాపు అదే పాట పాడే మనిషి కనిపించింది.

నల్లరేగడి:
నేననేదీ అదేగా. అక్కడ సమాధి దగ్గర పాడేది, ఇక్కడ పిల్లల పాట. అర్థం పోయాక మిగిలింది ఉత్త శబ్దమే. మారిషస్‌లో మనవాళ్లకు తెలుగు చాలావరకు పోయినా ఉగాది ఎందుకో తెలిసే చేసుకుంటున్నారు.

సముద్రపుగాలి:
మారిషస్‌తో పోలిక కుదరదు. ఎన్ని కష్టాలు పడ్డా వాళ్లు కాంట్రాక్టు కూలీలు, వాళ్ల పిల్లల్ని ఎవరూ వేలం వేయలేదు.

మీ ఇద్దరి వాదనలోనూ ఆఫ్రికా అంటే ఒకే ఊరన్నట్టుంది. కరోలినాకు తెచ్చినవాళ్లలో కాంగో-అంగోలా వాళ్లున్నారు, పశ్చిమాఫ్రికాలోని సెనెగాంబియా ప్రాంతం వాళ్లున్నారు, ఒకరి మాట ఒకరికి తెలియదు. అందుకే ఇంగ్లీషు మాటలతో గల్లా భాష కట్టుకున్నారు. అది కొత్తదే. కానీ వడ్లు చెరగడానికి గడ్డిని చుట్టలుగా తిప్పి, తాటిజాతి చెట్టు ఆకు చీలికలతో కుట్టిన చేటలున్నాయే, ఆ కుట్టు పశ్చిమాఫ్రికాదే. ఇప్పుడవి దక్షిణ కరోలినా నగరం చార్లెస్టన్‌లో టూరిస్టులు కొనే బుట్టలయ్యాయి, అది వేరే సంగతి.

నల్లవాళ్ల కుటుంబాల మీద ఫ్రేజియర్ మొదట పరిశోధన చేసింది చికాగోలో. ఈ తీరం వేరు. వరి మళ్ల దగ్గర మలేరియాకు భయపడి వేసవి వస్తే దొరలు మకాం ఎత్తేసేవాళ్లు. నెలల తరబడి తెల్లవాళ్ల కన్ను పెద్దగా పడని చోటు ఇది. పొగాకు పండించే వర్జీనియాలో ఈ వీలు లేదు. రెండు చోట్లకూ ఒకే జవాబు ఎలా చెబుతారు?